ఊట, వంక, సీసా: కర్నూలు–కడప సీమలో పర్యావరణ తనిఖీ ఉద్యోగ చరిత్ర

వ్యాస సంగ్రహం: నీటిని పాడుచేయడం నేరమని 1860లోనే చట్టం చెప్పింది. ఆ నేరాన్ని కనిపెట్టి రుజువు చేయడమే వృత్తిగా గల ఉద్యోగి మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో 1976 తర్వాతనే రూపుదిద్దుకొన్నాడు. మహానంది ఊటను ఒక కొసగా, కడప జిల్లా తుమ్మలపల్లెను మరో కొసగా పెట్టుకొని, అడవి గార్డు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, పర్యావరణ ఇంజనీరు అనే నలుగురు ఉద్యోగుల పరంపరను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిండుగా పారే నదులున్న దేశంలో పుట్టిన కొలతలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వంకల సీమకు వచ్చినప్పుడు తనిఖీదారు పని ఎలా మారిందన్నది ఇందులోని ప్రధాన విచారణ.

కీలక పదాలు: మహానంది, కుందూ, రాయలసీమ, కాలుష్య నియంత్రణ మండలి, నీటి చట్టం, నమూనా సేకరణ, తుమ్మలపల్లె.

ఊటకు రక్షణ, ఏటికి లేదు

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండల పాదాన ఉన్న మహానందిలో నీరు గర్భగుడి అడుగు నుంచి ఊరి కోనేట్లోకి వస్తుంది. అక్కడి నుంచి వెలుపలి గుండాల్లోకి, ఆపైన కాలువల్లోకి పారి అరటి తోటలను, వరి మళ్లను తడుపుతుంది. కోనేటి లోతు ఏడాది పొడవునా ఐదడుగులకు తగ్గదని, రెండు వేల ఎకరాలకు పైగా ఈ నీరే ఆధారమని స్థానికులు చెబుతారు. ఏటా సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురిసే జిల్లాలో ఇది అరుదైన సంపద. నీటి అడుగున పడిన గుండుసూది కూడా కనబడుతుందన్న మాట మహానంది గురించి మాట్లాడే ప్రతివారి నోటా వినిపిస్తుంది. దీన్ని భక్తుల అతిశయోక్తిగా కొట్టివేయనక్కరలేదు. నీటి తేటదనాన్ని కంటితో అంచనా వేసే పాత పరీక్ష అది. ప్రయోగశాల లేని కాలంలో తనిఖీ అంటే అదే.

1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ సెక్షను ప్రకారం ప్రజోపయోగమైన ఊటను గానీ జలాశయాన్ని గానీ బుద్ధిపూర్వకంగా కలుషితం చేసి, మామూలుగా వాడే పనికి తగనట్లు చేసినవారికి మూడు నెలల వరకు ఖైదు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. మహానంది కోనేరు ఈ నిర్వచనంలో చక్కగా ఇముడుతుంది. అయితే పారే నది ‘ఊట’ కాదు, ‘జలాశయం’ కాదు అన్న అర్థాన్ని వలస కాలపు న్యాయస్థానాలు స్థిరపరిచాయి. అంటే మహానంది కోనేట్లో మురికి కలిపితే 277వ సెక్షను నేరం. అదే నీరు పొలాలు దాటి కుందూ పరివాహకంలో చేరాక కలిపితే ఆ సెక్షను వర్తించదు. అప్పుడు ప్రజాబాధ కింద మరో సెక్షనును వెదుక్కోవాలి. ఏడాదిలో ఎన్నో నెలలు ఇసుక తప్ప మరేమీ కనబడని వంకల సంగతి ఆ శాసనకర్తల ఊహకు అందినట్లే లేదు.

చట్టంలో ఇంకొక లోపముంది, వృత్తి చరిత్ర దృష్ట్యా ఇదే ముఖ్యమైనది. 277వ సెక్షను నేరాన్ని నిర్వచించింది కానీ దాన్ని వెదికే మనిషిని నియమించలేదు. ఎవరో ఫిర్యాదు చేయాలి, పోలీసు రావాలి, సాక్షులు చెప్పాలి. నీరు పాడైందని చెప్పడానికి కన్ను, ముక్కు, నాలుక తప్ప వేరే సాధనం లేదు. ఈ సెక్షను స్థానంలో 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షను అమల్లోకి వచ్చింది. శిక్ష ఆరు నెలలకు, జరిమానా 5000 రూపాయలకు పెరిగాయి. ‘ఊట’, ‘జలాశయం’ అన్న మాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

అడవి గార్డు, శానిటరీ ఇన్‌స్పెక్టరు

మహానంది ఊటకు ఎగువన నల్లమల అడవి ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నిషిద్ధమైన పనుల జాబితాలో వేట, చేపలు పట్టడం, ఉచ్చులు పన్నడంతో పాటు నీటిలో విషం కలపడాన్ని కూడా చేర్చింది. చేపల కోసం మడుగుల్లో విషపు కాయలో ఆకులో దంచి కలిపే అలవాటును దృష్టిలో పెట్టుకొని రాసిన నిబంధన అది. దాని అమలు బాధ్యత అడవి గార్డుది. ఆ విధంగా చూస్తే ఈ ప్రాంతంలో నీటిపై నిఘా కోసం జీతం తీసుకొన్న తొలి ప్రభుత్వోద్యోగి అతడే అనవచ్చు. అతని దృష్టిలో నిందితుడు కర్మాగారం కాదు, చెంచువాడు. పర్యావరణ తనిఖీ చరిత్రను గొప్పగా చెప్పుకొనేటప్పుడు ఈ మొదటి అధ్యాయాన్ని మరుగుపరచడం సరికాదు.

రెండో ఉద్యోగి శానిటరీ ఇన్‌స్పెక్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి మునిసిపల్, స్థానిక సంస్థల చట్టాల తర్వాత పట్టణ పారిశుద్ధ్యం ఒక శాఖగా బలపడింది. 1899లో మొదలైన గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ టీకామందుల తయారీతో పాటు నీటి పరీక్షలకూ కేంద్రమైంది. 1920ల్లో జిల్లా ఆరోగ్యాధికారుల వ్యవస్థ ఏర్పడింది. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం ఆ రంగంలో దేశంలోనే తొలి సమగ్ర శాసనంగా పేరొందింది. తాగునీటి వనరులు, మురుగు, ప్రజాబాధల నివారణతో పాటు జాతరలకు, ఉత్సవాలకు అది ప్రత్యేకంగా చోటిచ్చింది. అలా చోటివ్వడానికి కారణం కలరా. శివరాత్రి వంటి తిరునాళ్లకు వేలాదిగా జనం చేరే క్షేత్రాల్లో బావుల్లో పర్మాంగనేటు, తర్వాతి కాలంలో బ్లీచింగ్ పొడి కలపడం, తినుబండారాల అంగళ్లు చూడడం, దొడ్లు ఏర్పాటు చేయించడం శానిటరీ ఇన్‌స్పెక్టరు పనులు. ఇతని శిక్షణలో రసాయన శాస్త్రం కొద్దిగానే ఉండేది. వెదికేది సూక్ష్మక్రిమిని, అదీ పరోక్షంగా.

ఇతని పని రుతువును బట్టి, తిరునాళ్ల క్యాలెండరును బట్టి నడిచేది. ఏ నెలలో ఏ ఊరి బావి అడుగంటుతుందో, ఏ చెరువు నీరు పచ్చబడుతుందో అతనికి తెలిసి ఉండాలి. ఈ స్థానిక జ్ఞాపకం ఆ తర్వాతి ఉద్యోగికి అంత తేలికగా అందలేదు.

మూడో ఉద్యోగి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 12వ సెక్షను తయారీలో వెలువడే వ్యర్థాలను, వ్యర్థ జలాలను శుద్ధి చేసి పారవేయడానికి తగిన ఏర్పాట్లుండాలని ఆదేశించింది. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధానిగా ఉన్న మూడేళ్లలోనూ, ఆ తర్వాత సుమారు రెండు దశాబ్దాల పాటూ, పరిశ్రమ మురుగు గురించి అడగగల అధికారం ప్రధానంగా ఈ ఒక్క సెక్షనులోనే ఉండేది. ఆ ఇన్‌స్పెక్టరు దృష్టి సహజంగానే ప్రహరీ లోపలి కార్మికుని మీద, యంత్రపు కంచె మీద, పని గంటల మీద ఉండేది. ప్రహరీ బయటి వంక అతనిది కాదు.

సీమలో లేని నదికి రాసిన అంకెలు

కాలుష్య తనిఖీని ప్రత్యేక వృత్తిగా మొదట నిలబెట్టిన దేశం బ్రిటన్. 1863లో వచ్చిన ఆల్కలీ చట్టం సోడా కర్మాగారాలు వెలువరించే హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువులో కనీసం 95 శాతాన్ని పట్టి నిలపాలని శాసించింది. దాని అమలుకు 1864లో తొలి ఇన్‌స్పెక్టరుగా రాబర్ట్ యాంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త నియమితుడయ్యాడు. ‘ఆమ్ల వర్షం’ అన్న మాటను 1872లో తన గ్రంథంలో వాడినవాడు ఇతడే. కోర్టు కేసుల కంటే యజమానులకు నచ్చజెప్పి మార్పు తేవడాన్నే అతడు ఎక్కువగా నమ్మాడు. ఆ పద్ధతికి నాడే విమర్శ ఎదురైంది. తనిఖీదారు సలహాదారా, నేరపరిశోధకుడా అన్న ప్రశ్న అప్పటి నుంచి ఈ వృత్తిని వదలలేదు. కాస్టిక్ సోడా పరిశ్రమ ఉన్న కర్నూలుకు ఈ కథ మరీ దూరపుదేమీ కాదు.

నీటి విషయంలో బ్రిటన్ నుంచి వచ్చిన వారసత్వం మరింత బలమైనది. 1898లో నియమితమైన మురుగు పారుదల రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదో నివేదికలో ఒక ప్రమాణాన్ని సూచించింది. నదిలోకి వదిలే నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బీవోడీ, లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలే ఘనపదార్థాలు 30 మిల్లీగ్రాములు మించరాదన్నది. దీనికొక షరతుంది: వదిలే మురుగుకు కనీసం ఎనిమిది రెట్ల శుభ్రమైన నీరు నదిలో పారుతూ ఉండాలి. బీవోడీని ఐదు రోజుల పాటు కొలవడానికి కారణంగా చెప్పేది కూడా బ్రిటిష్ భూగోళమే. అక్కడి నదులు పుట్టిన చోటి నుంచి సముద్రం చేరడానికి ఐదు రోజులకు మించి పట్టదట.

భారతదేశపు ప్రమాణాలు ఈ ఒరవడిలోనే తయారయ్యాయి. పర్యావరణ (పరిరక్షణ) నియమాల ఆరో షెడ్యూలులో 1993లో చేరిన సాధారణ ప్రమాణాల ప్రకారం భూతలంపై ఉండే జలాల్లోకి వదిలే నీటిలో బీవోడీ 30, తేలే ఘనపదార్థాలు 100, సీవోడీ 250 మిల్లీగ్రాములు మించరాదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. సాగుకోసం నేల మీదికి వదిలితే బీవోడీ 100 వరకు అనుమతి ఉంది. కాలక్రమంలో 20 డిగ్రీల వద్ద ఐదు రోజుల పరీక్షకు బదులు 27 డిగ్రీల వద్ద మూడు రోజుల పరీక్ష వచ్చింది. వేడిని బట్టి కొలతను సవరించుకొన్నారు. ఎనిమిది రెట్ల నీటి షరతు సంగతి మాత్రం అంకెలలోంచి జారిపోయింది.

ఇది రాయలసీమకు చిన్న విషయం కాదు. ఎండాకాలంలో కుందూలోకో, పెన్నలో కలిసే ఏదో ఒక వంకలోకో ప్రమాణానికి లోబడిన నీటినే వదిలారనుకొందాం. దాన్ని పలచబరిచే ప్రవాహం లేనప్పుడు ఆ వంకలో ఉన్నదంతా ఆ వదిలిన నీరే. గొర్రెలు తాగేది దాన్నే, ఇసుకలోంచి పక్క బావిలోకి దిగేదీ అదే. కాగితం మీద నిబంధన పాటించినట్లే ఉంటుంది. తనిఖీదారు నివేదికలో తప్పేమీ ఉండదు.

‘ప్రస్తుతానికి ఎండి ఉన్నా’

1974 నాటి నీటి (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టాన్ని పార్లమెంటు రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద, 12 రాష్ట్రాల శాసనసభల తీర్మానాల ఆధారంగా చేసింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు. తర్వాత దాన్ని స్వీకరించిన రాష్ట్రంలో 1976లో మండలి ఏర్పడింది. 1981లో వాయు చట్టం, 1984 డిసెంబరు నాటి భోపాల్ విషాదం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. ఈ క్రమం అందరికీ తెలిసినదే కనుక విస్తరించనక్కరలేదు.

తగినంత గుర్తింపు పొందనిది ఆ చట్టం రెండో సెక్షనులో ‘ప్రవాహం’ అన్న మాటకిచ్చిన నిర్వచనం. నదులు, భూగర్భ జలాలు, సముద్రజలాలతో పాటు నీటిదారి కూడా అందులో చేరింది. అది పారుతున్నా సరే, ప్రస్తుతానికి ఎండి ఉన్నా సరే. 1860లో ఊట దగ్గర ఆగిపోయిన చట్టం 114 ఏళ్లకు ఎండిన వంక దాకా వచ్చింది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల తనిఖీదారుకు ఈ చట్టంలో అన్నిటికన్నా ఉపయోగపడే మాటలు ఇవేనంటే అతిశయోక్తి కాదు. పొడి ఇసుక మీద ట్యాంకరుతో మురుగు పోసి ‘ఇక్కడ నీళ్లెక్కడున్నాయి?’ అని అడిగేవాడికి ఆ నిర్వచనమే జవాబు.

అయినా జవాబు అన్నిచోట్లా సరిపోదు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల కోత, పాలిష్ యూనిట్లు అనేకం ఉన్నాయి. రాతిని కోసేటప్పుడు పోసే నీటితో కలిసి తెల్లటి బురద బయటికొస్తుంది. అందులో కుళ్లే పదార్థం దాదాపు ఉండదు కాబట్టి బీవోడీ పరీక్షకు అది చిక్కదు. వానలో అది వంకలోకి కొట్టుకుపోతే తేలే ఘనపదార్థం, నీటి చట్టపు విషయం. ఎండలో ఆరి పొడిగా లేచి పక్క చేను మీద పడితే వాయు చట్టపు విషయం. రోడ్డు పక్క గుట్టగా పడి ఉంటే ఘన వ్యర్థం. ఒకే పదార్థం రుతువును బట్టి చట్టం మారుతుంది. తనిఖీకి వెళ్లిన నెలను బట్టి నివేదిక మారుతుంది.

రెండు సీసాలు

పర్యావరణ తనిఖీ ఉద్యోగాన్ని దాని పూర్వరూపాల నుంచి వేరు చేసేది నమూనా సీసా. నీటి చట్టం 23వ సెక్షను మండలి అధికారం ఇచ్చిన వ్యక్తికి ఏ వేళనైనా తగు సాయంతో ప్రవేశించి చూసే హక్కునిచ్చింది. 21వ సెక్షను ఆ హక్కును సాక్ష్యంగా మార్చే పద్ధతిని చెప్పింది. నమూనా తీసేటప్పుడు దాన్ని విశ్లేషణకు పంపదలచిన సంగతిని నిర్ణీత నమూనాలో నోటీసుగా యజమానికో అతని మనిషికో అక్కడికక్కడే ఇవ్వాలి. అతని ఎదుట నమూనాను రెండు భాగాలు చేయాలి. ఒక్కొక్కటి ఒక పాత్రలో పోసి, గుర్తు పెట్టి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. ఒకటి మండలి ప్రయోగశాలకు. యజమాని కోరితే రెండోది ప్రభుత్వం నిర్దేశించిన మరో ప్రయోగశాలకు పోవాలి. యజమాని కావాలని తప్పుకొన్నా, సంతకం చేయనన్నా ఏం చేయాలో కూడా చట్టం చెప్పింది.

ఈ వివరం ఎంత ప్రాణాధారమో 1986లో ప్రచురితమైన ఢిల్లీ హైకోర్టు తీర్పు వల్ల దేశమంతటి మండలులకు తెలిసివచ్చింది. ఒక పానీయాల తయారీ కర్మాగారం కేసులో నమూనా విషయమై చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదు కనుక విశ్లేషణ ఫలితం సాక్ష్యంగా పనికిరాదని న్యాయస్థానం తేల్చింది. నీరు పాడైందా లేదా అన్న ప్రశ్న దాకా వాదం పోనేలేదు.

రసాయనశాస్త్రానికి కూడా సొంత గడువులున్నాయి. బీవోడీ కోసం తీసిన నీటిని నాలుగు డిగ్రీల చలిలో ఉంచి వీలైనంత త్వరగా, ఒకటి రెండు రోజుల్లోనే పరీక్ష మొదలుపెట్టాలి. లోహాల కోసం తీసిన సీసాలో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ రెండు కన్నా తగ్గించాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను అక్కడికక్కడే స్థిరపరచాలి. మే నెలలో నంద్యాల–కర్నూలు దారిలో ఐసు పెట్టె కరగకుండా ప్రయోగశాల చేరడం ఈ ఉద్యోగంలో ఒక భాగం. అది నియామక ప్రకటనల్లో కనబడదు. ఒక మనిషి కన్ను పట్టిన తప్పును మరో మనిషి ఎన్నడూ చూడని గదిలో రుజువు చేయాలి. ఈ రెంటి మధ్య ఉన్న దూరం జీపు దూరం. ఆ దూరంలో సీలు చెరిగినా, సమయం రాయడం మరచినా నెలల పని నీటిపాలవుతుంది.

ఈ ఉద్యోగంలోకి ప్రవేశం సాధారణంగా సివిల్, కెమికల్, పర్యావరణ ఇంజనీరింగ్ పట్టభద్రులకు సహాయ పర్యావరణ ఇంజనీరు హోదాతో మొదలవుతుంది. ఇటీవలి నియామకాలు ఏపీపీఎస్సీ ద్వారా జరుగుతున్నాయి. పర్యావరణ ఇంజనీరు ప్రాంతీయ కార్యాలయానికి, సంయుక్త ముఖ్య పర్యావరణ ఇంజనీరు జోనల్ కార్యాలయానికి బాధ్యులు. రసాయన శాస్త్రం చదివినవారికి ప్రయోగశాలలో ఎనలిస్టు కొలువు మరో దారి. కర్నూలు జోనల్ కేంద్రం కాగా, కర్నూలులోనూ కడపలోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఏర్పడ్డాయి. శిక్షణ కోసం 1992లో స్వీడన్ సహకారంతో హైదరాబాదులో ఈపీటీఆర్ఐ ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజనతో మండలి కూడా రెండైంది. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం పర్యావరణ శాస్త్రం బోధిస్తోంది. మహానందిలోనే 1991 నుంచి నేల, నీటి పరీక్షలు నేర్పే వ్యవసాయ కళాశాల ఉంది. అయినా ఈ కొలువు ప్రధానంగా ఇంజనీరు కొలువుగానే రూపొందింది. శుద్ధి యంత్రం పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఇంజనీరు సమర్థుడు. పక్క చేలో అరటి ఎందుకు ఎండుతోందన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఇతర శాస్త్రాల తోడు లేకుండా అతడు ముందుకు పోలేడు.

మండలుల బలహీనతల గురించి 1984లో భట్టాచార్య కమిటీ, 1990లో బెల్లియప్ప కమిటీ, 1994లో హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ అధ్యయనం చెప్పాయి. సిబ్బంది ఖాళీలను భర్తీ చేయమని జాతీయ హరిత ట్రైబ్యునలు, సుప్రీంకోర్టు పలుమార్లు ఆదేశించాయి. మరొక చిక్కు ఆదాయానిది. 1977 నాటి నీటి సెస్సు 2017లో జీఎస్టీతో రద్దయ్యాక మండలుల నిధుల్లో పరిశ్రమలు చెల్లించే అనుమతి రుసుముల ప్రాధాన్యం మరింత పెరిగింది. తనిఖీకి లోనయ్యేవారు కట్టే రుసుముతో తనిఖీ నడవడం యాంగస్ స్మిత్ కాలంలో లేని ఇబ్బంది.

మండలి తానే వాదిగా సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఇక్కడ ప్రస్తావనార్హం. హైదరాబాదుకు నీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను 1996 మార్చి నాటి జీవో 111 నిషేధించింది. ఆ పరిధిలో ఒక ఆముదపు ఉత్పన్నాల కర్మాగారానికి మండలి అనుమతి నిరాకరించగా, అప్పీలు అధికారి అనుమతివ్వమన్నాడు. ‘ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు’గా ప్రసిద్ధమైన ఈ కేసులో 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విస్తారంగా చర్చించింది. హాని ఉండదని రుజువు చేసే భారం పరిశ్రమదేనని, ఇటువంటి అప్పీళ్లు వినేవారిలో శాస్త్ర పరిజ్ఞానం గలవారుండాలని చెప్పింది. 2010లో ఏర్పడిన హరిత ట్రైబ్యునలులో నిపుణ సభ్యులుండడం వెనుక ఈ ఆలోచన ఉంది. తాగునీటి జలాశయం కనుక ఆ రక్షణ దొరికింది. ఎండిన వంక పక్కన ఉండే పల్లెకు అంత గట్టి ప్రభుత్వ ఉత్తర్వు లేదు.

తుమ్మలపల్లె: కనబడని అడుగు

కడప జిల్లా పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన యూసీఐఎల్ ఆధ్వర్యంలో ఏర్పడ్డాయి. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన జరిగాయి. 2012లో కర్మాగారం పని మొదలుపెట్టింది. ఇక్కడి ఖనిజం సున్నపురాతిలో ఉండడం వల్ల ఆమ్లానికి బదులు క్షార పద్ధతిలో యురేనియాన్ని తీస్తారు. మిగిలిన ముద్ద వంటి వ్యర్థం కొండల నడుమ కట్టిన టైలింగ్స్ పాండ్‌లోకి పోతుంది.

దిగువనున్న కె.కె.కొట్టాల వంటి పల్లెల రైతులు బోర్ల నీరు చెడిందని, అరటి ఎండిపోతోందని, చర్మవ్యాధులు వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున పరచవలసిన పాలిథిన్ పొర అనుమతి షరతుల ప్రకారం లేదని విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు 2018లో మండలికి రాశారు. మండలి సంస్థ నుంచి వివరణ కోరింది. 2019లో వివిధ సంస్థల నిపుణులతో పరిశీలన జరిగింది. కాలుష్యం తమ వల్ల కాదని సంస్థ వాదించింది. ఆ ప్రాంతపు శిలల్లోనే యురేనియం ఉంది కాబట్టి నీటిలోనూ సహజంగా ఉండవచ్చన్నది ఆ వాదం.

తనిఖీ వృత్తి చరిత్రలో ఈ వివాదానికి ప్రత్యేక స్థానముంది. మొదటిది అధికార పరిధి: రేడియో ధార్మికతకు సంబంధించిన విషయాలు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలివి; బోరులో ఉప్పు, క్షారం, లోహాల సంగతి రాష్ట్ర మండలిది. రైతుకు అదంతా ఒకే నీరు. రెండోది కాలం. చెరువు అడుగున పొర ఉందో లేదో కంటితో చూడగలిగేది దాన్ని కట్టే రోజుల్లోనే. ఒకసారి వ్యర్థం నిండాక ఎంత నిపుణుడైనా చుట్టూ తవ్విన బోర్ల నీటి నుంచి వెనక్కు ఊహించవలసిందే. మూడోది పూర్వస్థితి లెక్క. కర్మాగారం రాకముందు ఏ బోరులో ఏమున్నదో తగినన్ని చోట్ల, తగినన్ని రుతువుల్లో కొలిచిపెట్టి ఉంటే ‘సహజం’ అన్న వాదం నిజమో కాదో తేలిక. అలాంటి లెక్క చాలినంత లేని చోట ఆ వాదానికి రుజువూ దొరకదు, ఖండనా దొరకదు. ఈ మూడు విషయాల్లోనూ నష్టం మోసినవాడు బోరుకు అప్పుచేసిన రైతు.

ఎవరు చూడాలి?

2014లో కేంద్ర మండలి 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలకు నిరంతర ఆన్‌లైన్ కొలత పరికరాలు తప్పనిసరి చేసింది. సిమెంటు, కాగితం, కాస్టిక్ సోడా, డిస్టిలరీ పరిశ్రమలు ఆ జాబితాలో ఉన్నాయి కనుక కర్నూలు, కడప జిల్లాలపై దాని ప్రభావం ఎక్కువ. వ్యాపార సౌలభ్య సంస్కరణల్లో భాగంగా ఏ యూనిట్‌కు ఎవరు వెళ్లాలో కంప్యూటరు నిర్ణయించడం, నివేదికను 48 గంటల్లో అందుబాటులో ఉంచడం, ఒకే అధికారి ఒకే యూనిట్‌ను వరుసగా రెండుసార్లు తనిఖీ చేయకపోవడం వచ్చాయి. మామూళ్ల బెడద తగ్గించడానికి ఇవి అవసరమే. వేసవిలో చూసిన తెల్లబురద గుట్ట వానాకాలంలో ఏమైందో తెలుసుకోవలసిన మనిషి మాత్రం ఈ ఏర్పాటులో మారిపోతాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరుకుండిన రుతు జ్ఞాపకం ఫైలులో ఉంటే తప్ప ఇక ఎక్కడా ఉండదు.

శిక్షల తీరూ మారింది. జన విశ్వాస్ చట్టం వల్ల 2024 ఏప్రిల్ 1 నుంచి వాయు, పర్యావరణ పరిరక్షణ చట్టాల కింద చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష పోయి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. దాన్ని విధించేది కార్యదర్శి స్థాయి అధికారి. నీటి చట్టానికి అదే దిశలో 2024లో వచ్చిన సవరణను రాష్ట్రాలు తీర్మానం ద్వారా స్వీకరించవలసి ఉంటుంది.

గుజరాత్‌లో డుఫ్లో, గ్రీన్‌స్టోన్, పాండే, రయాన్ అనే ఆర్థికవేత్తలు జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగం ప్రకారం, పరిశ్రమ తానే ఎంచుకొని డబ్బిచ్చే ఆడిటరు కాలుష్యాన్ని ప్రమాణానికి కాస్త కిందనే ఉన్నట్లు చూపిస్తాడు. ఆడిటరును చీటీ పద్ధతిలో కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి జీతమిచ్చి, కొన్ని కొలతలు మళ్లీ సరిచూస్తే నిజం చెబుతాడు. పరిశ్రమలు కూడా కాలుష్యం తగ్గిస్తాయి. 2025 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నియమాలు నమోదిత ప్రైవేటు ఆడిటర్లకు తనిఖీలో చోటు కల్పించాయి. కేటాయింపు యాదృచ్ఛికంగా ఉండాలన్నాయి. దీనితో పర్యావరణ తనిఖీ ప్రభుత్వ కొలువుగానే గాక స్వతంత్ర వృత్తిగా కూడా యువతకు తెరుచుకొంది. ఆడిటరుకు కేటాయించేది ఒక పరిశ్రమను, దాని ప్రహరీని. ప్రహరీ దాటి వంక వెంబడి దిగువ పల్లె బోరు దాకా నడిచే పని ఇప్పటికీ ప్రాంతీయ కార్యాలయంలోని సహాయ పర్యావరణ ఇంజనీరుదే. అతని చేతిలోని సీసాకు 21వ సెక్షను ప్రకారం రెండు సీళ్లు, రెండు సంతకాలు కావాలి. వంక ఎండి ఉన్న నెలల్లో అందులో పోయడానికి నీటిని అతడు బోరు నుంచే తోడుకోవాలి.